కంటికి ఆనిన ఆకు

తడి బెరడు వాసన.

వీధి మలుపులో కొట్టి పడేసిన చెట్టు. రాత్రంతా వానలో నాని, పొద్దుటి వెలుతురులో సన్నగా ఆవిరి వదులుతోంది...

అత్తగారు ఆగిపోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపిస్తున్న కోడలూ ఆగక తప్పలేదు.

ఆవిడ ఒకప్పుడు దర్జీ. కళ్ళకు పొర కమ్మాక సూదికీ దారానికీ పొత్తు కుదరలేదు. మిషను మీద దుప్పటి కప్పేసింది. ఏళ్ళ తరబడి — మసక. గోడలు మసక. మనుషులు మసక.

మొన్ననే ఆపరేషనయింది. కట్టు విప్పగానే లోకమంతా ఒక్కసారిగా మీద పడింది. గోడ మీద చీమ. గ్లాసు మీద వేలిముద్ర. కోడలి చెంప మీద పుట్టుమచ్చ.

"ఇది ఎప్పట్నుంచే?"

"పుట్టినప్పట్నుంచీ అత్తయ్యా."

ఇప్పుడు — బెరడును అంటుకుని పాకిన ఏదో మొక్క ఆకులు.

ఆవగింజంత ఆకులు. కాడకు అటొక వరస, ఇటొక వరస. ఇంటికప్పు పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి. వంక పెట్టడానికి లేని పనితనం.

బెరడు ముక్కను చేతిసంచిలో ఇంటికి తెచ్చుకుంది.

మొక్క అంటే ఎండ కదా అనుకుంది. కిటికీలో పెట్టింది. మొక్క అంటే నీళ్ళు కదా అనుకుంది. కుళాయి నీళ్ళు పోసింది... పోసిందే పోసింది.

అంచులు గోధుమరంగుకు తిరిగాయి. తర్వాత నలుపు. ముట్టుకుంటే — పొడి.

కొత్త కళ్ళతో ఏరుకున్న మొదటి వస్తువు. అదీ దక్కలేదు. ఆవిడ మళ్ళీ గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది.

కోడలు సిటీబస్సు నడుపుతుంది. రోజూ తన బస్సెక్కే వృక్షశాస్త్రం టీచరమ్మకు ఫోనులో ఫొటో చూపించింది. ఆ సాయంత్రం యూనిఫాం అయినా మార్చుకోకుండా వచ్చి మంచం అంచున కూర్చుంది.

"అత్తయ్యా, దీన్ని లివర్‌వర్ట్ అంటారట. నాచుకి దూరపు చుట్టం. అసలు వేళ్ళే ఉండవట, ఆకులతోనే తాగుతుందట. ఎండ తగలకూడదట. కుళాయి నీళ్ళు పడవట, వాననీళ్ళే పొయ్యాలట."

"ఇంకెందుకే, పోయిందిగా."

"పైకి ఎండినట్టుంటుందట గానీ, లోపలెక్కడో కొంత ప్రాణం ఉంటుందట."

ముక్కను నీడకు మార్చారు. వాన కోసం చూశారు. ఆకాశం ఖాళీ... మర్నాడూ ఖాళీ...

ఒక మధ్యాహ్నం కురిసింది.

కోడలు చివరి స్టాపులో బస్సాపి, టిఫిను డబ్బా మూత తీసి వానలో పెట్టింది. నిండిన డబ్బాను రెండు చేతులా పట్టుకుని, తొణక్కుండా ఇంటికి తెచ్చింది. తను మాత్రం తడిసి ముద్దయింది.

ఆవిడ లేచింది. మిషను మీది దుప్పటి లాగేసింది. సొరుగులోంచి పచ్చదారం తీసింది.

బెరడు మీంచి మొక్క ఎండు పోగులు ఊడదీసి గరుకు రాయి మీద పరిచింది. నలగకుండా, జారకుండా దారం చుట్టింది. ముడి ఒక్కసారికే పడింది. రాయిని గాజుసీసాలో దించి, వేళ్ళతో వాననీళ్ళు చిలకరించి, మూత ఓరగా పెట్టింది.

ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు.

ముడుచుకున్న ఆకు ఒకటి విప్పుకుంది. ఇంకొకటి. నల్లబడినవి నల్లగానే ఉండిపోయాయి. లోపలివి మాత్రం —

పచ్చ.

ఆవిడ నవ్వింది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ కోడలు ఆ నవ్వు చూడటం అదే మొదలు.

చలి వచ్చి వెళ్ళింది. పచ్చదనం రాయంతా పాకి, దారాన్ని తనలో కలిపేసుకుంది. మిషను చప్పుడు మళ్ళీ వీధిదాకా వినబడుతోంది.

ఒక ఉదయం సీసాలో గాజుపోగు లాంటి కాడ. కొనన గుండుసూది తలకన్నా చిన్న నల్లటి గుండు. మూత తీసి భూతద్దంలోంచి చూడబోతే అత్తాకోడళ్ళ తలలు ఢీకొన్నాయి.

గుండు నాలుగు రెక్కలుగా విచ్చుకుంది. ధూళి... ఒక్క ఊపిరంత ధూళి... లేచిపోయింది.

"ఎటు పోయిందే?"

"చూళ్ళేదు అత్తయ్యా. అవి విత్తనాల్లాంటివట. ఎక్కడ నచ్చితే అక్కడ మొలుస్తాయట."

ఆవిడ గోడమూల చూసింది. కిటికీ చట్రం చూసింది. కోడలి జడ చూసింది.

చీపురు తీసుకెళ్ళి తలుపు వెనక దాచింది.

ఆ రోజు ఆ గదిలో గాలి కూడా... మెల్లమెల్లగా పీల్చింది.