నాకు చెప్పని స్టేజి

మా అత్తగారి కుడికంట్లో మందు చుక్క వేస్తుండగా ఫోన్ మోగింది. ఆవిడకు శుక్లం తీసి వారమైంది. రోజుకు నాలుగుసార్లు చుక్కలు వేయాలి. ఆవిడ వంగకూడదు కనుక చెప్పులు కూడా నేనే తొడగాలి. అండాశయంలో గడ్డ ఉందని కోసిన నా పొట్టకు కుట్లు విప్పి అప్పటికి పదిహేను రోజులు.

ఫోన్ చేసింది నాకు ఆపరేషన్ జరిగిన ఆస్పత్రి నర్సు. మావారి నంబరు కలవక నాకు చేసిందట. "కీమోకి ఎప్పుడొస్తారమ్మా? రెండుసార్లు వాయిదా వేశారు, డాక్టరమ్మ కోప్పడుతున్నారు" అంది.

ఫస్ట్ స్టేజే కదా, కీమో అక్కర్లేదన్నారు కదా అన్నాను. అటువైపు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. తర్వాత గొంతు తగ్గించి, "మీకు ఇంట్లో చెప్పలేదామ్మా?" అంది.

కుట్లు విప్పిన రోజు నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఆయన ఒక్కరే డాక్టరమ్మ గదిలోకి వెళ్లారు. నవ్వు ముఖంతో వచ్చి, "ఫస్ట్ స్టేజే, అంతా తీసేశారు, కీమో కూడా అక్కర్లేదు, గండం గడిచింది" అన్నారు. నేను ఆయన భుజం మీద వాలి ఏడిస్తే తల నిమిరారు.

రిపోర్టు ఆయన బీరువాలో, బండి కాగితాల కింద దొరికింది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం నా ఉద్యోగం. పందొమ్మిదేళ్లుగా ఊళ్లో వాళ్ల తప్పులన్నీ పట్టుకున్నాను, నా గురించి రాసిన ఒక్క కాగితం మాత్రం చదవలేదు. ఆఖరి వరుసలో ఉంది: స్టేజి మూడు.

అత్తగారు నా చేతిలో కాగితం చూసి తల తిప్పుకున్నారు. "నా కన్ను ఎక్కడికి పోతుంది, తర్వాత చూసుకుందామన్నాను. వాడే వినలేదు" అన్నారు. అంటే ఆవిడకూ తెలుసు. తెలిసే రోజుకు నాలుగుసార్లు నా ముందు కన్ను తెరిచారు.

సాయంత్రం రిపోర్టు ముందు పెడితే ఆయన మొదట నువ్వు తట్టుకోలేవన్నారు. తర్వాత, అంతా నీ మంచికే అన్నారు. నేను ఆఖరి వరుస మీంచి వేలు తీయకపోయేసరికి విసుగొచ్చి అసలు మాట బయటపెట్టారు.

"అమ్మ కన్ను కుదుటపడ్డాక మొదలుపెడదామనుకున్నాను. మూడు వారాలేగా. ఇద్దరూ మంచాన పడితే ఇల్లెవరు చూస్తారు?"

మర్నాడు ఉదయం నేను ఆస్పత్రికి బయలుదేరితే, పిలవకుండానే వెంట వచ్చారు. నా స్టేజి ఎలా తేల్చారో నాకే చెప్పమని డాక్టరమ్మను అడిగాను. ఆవిడ ఒకసారి ఆయన వైపు చూసి, తెల్లకాగితం నా వైపు జరిపి బొమ్మ గీశారు. స్కానింగు, రక్తపరీక్ష అనుమానం మాత్రమే చెబుతాయట. పొట్ట తెరిచాకే నిజం తెలుస్తుందట. అండాశయాలు, గర్భసంచి, పేగుల మీద దుప్పటిలా పరుచుకున్న కొవ్వు పొర, కొన్ని లింఫు గ్రంథులు తీసి, పొట్టలోని నీరు కూడా పట్టి ల్యాబుకు పంపారట. జబ్బు అండాశయం దాటకపోతే ఒకటి. కటి భాగంలోనే ఉంటే రెండు. పైకి పాకి పొట్ట లోపలి పొరకో, గ్రంథులకో చేరితే మూడు. ఊపిరితిత్తుల దాకానో, కాలేయం లోపలికో పోతే నాలుగు.

"మీకు ఆ కొవ్వు పొరలో కనిపించింది. చిన్న చిన్న మచ్చలు. కంటికి కనిపించినవన్నీ తీసేశాను. కనిపించని వాటికే కీమో" అన్నారు. రేపే చేరమన్నారు. చేరతానన్నాను.

నా లోపలి బొమ్మను అంత దగ్గరగా చూడడం అదే మొదలు. భయం వేసింది. కానీ ఆ భయం నాది. ఇన్నాళ్లూ దాన్ని కూడా ఆయన బీరువాలో పెట్టి తాళం వేశారు.

"ఈ ఆలస్యం వల్ల నాకేమైనా నష్టం జరిగిందా?" అని అడిగాను.

డాక్టరమ్మ నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు. "అవన్నీ ఆవిడకెందుకు డాక్టర్ గారూ, అసలే భయస్తురాలు. నాకు చెప్పండి, నేను నెమ్మదిగా చెబుతాను."

నేను ఆయన వైపు తిరిగాను.

"మీరు వెళ్లి బయట బెంచీ మీద కూర్చోండి" అన్నాను.

ఆయన నా వైపూ డాక్టరమ్మ వైపూ చూశారు. మెల్లగా లేచారు. తలుపు మూసుకునేదాకా ఆగి, ఆ ప్రశ్న మళ్లీ అడిగాను.