తాతబ్బాయి వేప

గురుమూర్తి కవి. ఎవరినీ ఏదీ అడగడు, అంతా తనకే తెలుసనుకుంటాడు. పొట్టకూటికి మాత్రం భిలాయి కార్ఖానా లోపల తిరిగే రైళ్ళు దారి మళ్ళేలా పాయింట్లు మార్చే ఉద్యోగం.

ఉద్యోగుల ఇళ్ళుండే సెక్టర్లు దాటాక స్లాగు దిబ్బ. ఇనుము తీయగా మిగిలిన మడ్డిని ఎర్రగా కాగుతుండగానే బండ్లలో తెచ్చి అక్కడ ఒంపేవారు. గడ్డిపోచ మొలవని నేల. తొంభై మూడో సంవత్సరం వానల్లో ఆ దారి పట్టాలు తుప్పు పట్టడం చూసి, ఇక బండి రాదని గురుమూర్తి తేల్చేశాడు. ఆఫీసులో ఒక్క మాట కనుక్కోవచ్చు. కాదంటారేమోనని కనుక్కోలేదు.

"పట్టాల మీదే బతికినోణ్ణి, నాకు తెల్దేటి?" అన్నాడు భార్యతో.

"మీకు తెలీందేటుంది లెండి" అంది తులసమ్మ.

తెలుగు సంఘం సభలో పద్యం చదివాడు. సొంతూరికి దూరంగా కన్నుమూసినవాళ్ళకు ఇక్కడే ఒక చెట్టుండాలన్నాడు. జనం కళ్ళు తుడుచుకున్నారు. గునపాలతో స్లాగు పగలగొట్టి, పేడా నల్లమట్టీ నింపి, ఒక్కొక్కరి పేరున ఒక్కో మొక్క నాటారు. సంఘంలో ఉండే జోగమ్మ చనిపోయిన మొగుడి కోసం వేప తెచ్చింది. ఆవిడ మొగుడి పేరు నోటంట పలకదు. అందుకని గురుమూర్తే "తాతబ్బాయీ" అని పిలిచి మట్టి కప్పాడు. రోజూ బిందెడు నీళ్ళు మోసిందావిడ. మూడో వేసవికి వేప ఆవిడ భుజం దాటింది.

ఆ వేసవిలోనే, బండ్లు ఇప్పుడు మడ్డి ఒంపుతున్న కొత్త దిబ్బ నిండిపోయింది. బండిని పాత దారికి మళ్ళించమని ఫోర్‌మన్ సత్యారావు చెప్పాడు. ఆ డ్యూటీలో ఉన్నది గురుమూర్తే.

"అక్కడ చెట్లున్నాయి సార్!"

"చెట్లా? కిస్‌సే పూఛా? ఎవర్నడిగి ఏసినారు?"

వెనక బండిలో మడ్డి గడ్డకడుతోందని సత్యారావు అరుస్తున్నాడు. తుప్పు పట్టిన పట్టా మీద కూడా బండి నడుస్తుంది. పాయింట్లు మార్చేవాడికి ఆ సంగతి ఒకరు చెప్పాలా? లివరు లాగాడు. కాసేపటికి చెట్లున్న దిబ్బ మీద ఆకాశం ఎర్రబడింది.

తెల్లారి జోగమ్మ గుమ్మంలో నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. తిడితే బాగుండునని మనసులో ఏడ్చాడు. ఆవిడ తిట్టలేదు.

వానలొచ్చాయి. దిబ్బకు అవతలి అంచున మళ్ళీ గోతులు తవ్వాడు. ఈసారి ఆఫీసులో అడిగి, సరే అనిపించుకున్నాకే తవ్వాడు. అయినా ఎవరూ రాలేదు. జోగమ్మ ఒక్కతే వేపమొక్కతో వచ్చింది. గురుమూర్తి మొక్కను గోతిలో నిలబెట్టి, పిలవబోయాడు.

"పేరెట్టకు బాబూ" అందావిడ. "ఉత్త మొక్కలాగే ఉండనీ. మళ్ళీ కాలితే మొక్కే కాలాల."