సీతాఫల్‌మండిలో వర్జీనియా మంచు

నజ్మున్నీసా పొద్దున్నే పుస్తకం తెరిచిందంటే తల్లి సర్దార్ బీ దండెం మీది బట్టలు తీసి పెట్టెలో పడేసేది. కూతురు ఏ ఊరి గురించి చదివితే ఆ ఊరి వాతావరణం ఇంట్లోకి వచ్చేది మరి. ఎం.ఏ.లో చేరిన నాటి నుంచీ అంతే. ఆ ఏడాది అమెరికా చరిత్ర తీసుకున్నది ఆమె ఒక్కతే కాబట్టి, పాఠం చెప్పే జకర్యా సారు సొంత బీరువాలోని పుస్తకాలే ఒక్కొక్కటి ఇచ్చి పంపేవాడు. జార్జియా పత్తి చేల గురించి చదివిన రోజు ఇల్లంతా ఉక్కపోత. పెన్సిల్వేనియా చలికాలం చదివిన రోజు వాకిట్లో మోకాలి లోతు మంచు.

మంచు పడ్డ రోజు పక్కింటి లచ్చమ్మ గోడ మీదినుంచి పాలగిన్నె అందించేది, తర్వాత ఆ మంచులోనే నడిచొచ్చి తీసుకుపోయేది.

"జెర ఇది ఆడ పెట్టు బిడ్డా. ఎండకు ఇరుగుతున్నయ్."

"రేపటి దాంక మంచే అక్కా. పెద్ద అధ్యాయం."

అమెరికాలో అంతర్యుద్ధం ముగిశాక దక్షిణాది పల్లెల్లో ఓడినవాళ్లూ, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లూ ఒకే వీధిలో ఎట్లా బతికారన్నది నజ్మున్నీసా థీసిస్. నాలుగు అధ్యాయాలు రాసింది. ఐదోదానికి కలం కదలలేదు. యుద్ధం ఎట్లా ముగిసిందో పుస్తకాల్లో ఉంది. మర్నాడు పొద్దున ఎదురింటివాళ్ల ముఖం ఎట్లా చూశారో ఎక్కడా దొరకలేదు.

అది నలభై ఎనిమిది వానాకాలం. అన్న ఇమాం వలి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. వేసవిలోనే ఖాకీ బట్టలు కుట్టించుకుని రజాకార్లలో చేరాడు. "ఎందుకు భయ్యా?" అంటే "అందరు చేరుతుండ్రు" అన్నాడు.

ఆగస్టులో లచ్చమ్మ తమ్ముడు సదాశివ బన్సీలాల్‌పేట్ బావి దగ్గర మూడు రంగుల జెండా ఎగరేశాడు. పది మంది ఖాకీ బట్టలవాళ్లు పట్టుకుని కొట్టారు. కుడిచెయ్యి రెండు చోట్ల విరిగింది. ఆ పది మందిలో ఇమాం వలి ఉన్నాడు. ఆ రోజు నుంచి గోడ మీదికి పాలగిన్నె రాలేదు. ఇంట్లో మంచు కురిసి కరిగిపోతూనే ఉంది.

సెప్టెంబరులో ఇండియా ఫౌజు వచ్చింది. ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. ఇమాం వలి ఖాకీ బట్టలు పొయ్యిలో పెట్టాడు. ఆ తర్వాత నాలుగో నాడు పొద్దున, చాయ్ పొయ్యి మీద ఉండగానే, గల్లీ మొదట్లో అరుపులు వినబడ్డాయి. పాతిక ముప్పై మంది, చేతుల్లో కట్టెలు. ఇమాం వలి పేరు పెట్టి పిలుస్తున్నారు.

సర్దార్ బీ తలుపు గడియ పెట్టి దానికి వీపు ఆనించి నిలబడింది. ఇమాం వలి గోడ వారగా కూలబడ్డాడు.

నజ్మున్నీసాకు అన్న మీద కోపం ఉంది. నెల రోజులుగా అతనితో మాట్లాడటం లేదు. అయినా చేతులు సారు ఇచ్చిన పుస్తకం దగ్గరికి పోయాయి. వర్జీనియాలో నది ఒడ్డున ఒక పల్లె. యుద్ధం ముగిసిన ఏడాది అక్కడ కమ్మిన పొగమంచు గురించి ఒక పేజీ ఉంది. అది తీసి గొంతెత్తి చదవసాగింది. నేల మీదినుంచి తెల్లగా లేచింది పొగమంచు. గడప కింది నుంచి గల్లీలోకి పాకి, ఇళ్లనూ మనుషులనూ కప్పేసింది. బయట ఒకరినొకరు పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారు, ఎవరికీ ఎవరూ దొరకడం లేదు.

ఆ ఇంటి మంచులో నడవడం అలవాటైన బయటి మనిషి ఒక్కతే. లచ్చమ్మ గోడ తడుముకుంటూ పెరటి తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

"యాడున్నడు?"

సర్దార్ బీ ఆమె కాళ్ల మీద పడబోయింది. లచ్చమ్మ పక్కకు జరిగింది. ఇమాం వలి ముందు నిలబడింది.

"నా తమ్ముని చెయ్యి ఇరుగుతుంటే నువ్వు చూసుకుంట నిలవడ్డవ్. లే."

"యాడికక్కా?"

"టేషన్ కాడ ఫౌజోళ్ల క్యాంపు ఉన్నది. ఆడ ఒప్పజెప్త. ఏం జేసినవో కోర్టు కచేరిల చెప్పు. గిట్ల గల్లీల సంపుతుంటే చూసుకుంట నేను నిలవడ."

అతని మణికట్టు పట్టుకుంది. పోతూ పోతూ నజ్మున్నీసా వైపు తిరిగి, "సదువుడు ఆపకు" అంది.

ఆమె ఆపలేదు. పేజీ అయిపోతే మళ్లీ మొదటి నుంచి. గొంతు బొంగురుపోయింది. తల్లి నీళ్ల గ్లాసు నోటికి అందిస్తే గుటక మింగి మళ్లీ అందుకుంది. పదకొండోసారి చదువుతుండగా పెరట్లో లచ్చమ్మ గొంతు వినబడింది.

"చాలియ్యి బిడ్డా. ఒప్పజెప్పిన. గల్లీల సుత ఎవ్వరు లేరు."

కేసు చలికాలంలో విచారణకొచ్చింది. లచ్చమ్మే సాక్షి. జెండా ఎగరేసిన రోజు తమ్ముడికి అన్నం తీసుకుని బావి దగ్గరికి పోయింది ఆమె. ఇమాం వలి కొట్టాడా అని వకీలు అడిగాడు.

"కొట్టలే సార్." వకీలు కూర్చోబోయాడు. "ఆపలే సుత."

ఇమాం వలికి పద్నాలుగు నెలల జైలు పడింది.

ఆ రాత్రి నజ్మున్నీసా ఐదో అధ్యాయం మొదలుపెట్టింది. ఎండాకాలంలో పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఫస్ట్ క్లాస్. అన్నకు చెప్పాలని జైలుకు పోయింది. అతను చిక్కిపోయాడు. కడ్డీల అవతల నవ్వబోయి నవ్వలేకపోయాడు.

"నీ పుస్తకాలల్ల ఓడిపోయినోళ్లు ఉన్నరు గదా. ఆళ్లు పక్కింటోళ్లతోని మళ్ల మాట్లాడిన్రా?"

"కొందరు. శానా ఏండ్లకు."

"ముందుగాల ఎవరు మాట్లాడిన్రు?"

"ఒక్కో ఊరిల ఒక్కో తీరు భయ్యా."

జవాను టైం అయిందని కేకేశాడు. అప్పుడు అతను కడ్డీలు పట్టుకుని, అన్ని నెలల్లో మొదటిసారి అడిగాడు.

"సదాశివ చెయ్యి ఎట్లున్నది?"