పంపకం తేలని గంటసేపు

సరంగు చేతికి గడియారం పెట్టుకోడు. అది పొగరు కాదట, దయట. తన పక్కన నిలబడితే ఏ గడియారానికైనా చిన్నతనంగా ఉంటుందనీ, నోరులేని వస్తువుని అలా నలుగురిలో అవమానించడం తనకి చేతకాదనీ చెప్పేవాడు. డెక్కు మీద పనివాళ్ళందరికీ అతనే పెద్ద కాబట్టి వాళ్ళూ తలూపేవాళ్ళు.

ఆ సరుకుల ఓడలో వేళ చెప్పే పని అతనిదే. చుక్కాని గది బయట వేలాడే కంచు గంటని అరగంటకోసారి కొట్టాలి. జట్టు పనిలోకి దిగిన అరగంటకి ఒక దెబ్బ, ఇంకో అరగంటకి రెండు. అలా ఎనిమిది దెబ్బలు పడేసరికి ఆ జట్టు వంతు పూర్తి. అవి వినపడితేనే కొత్త జట్టు పైకొస్తుంది, పాత జట్టు కిందికి దిగి నడుం వాలుస్తుంది.

ఆ కంచుకి ఒక గుణం ఉంది. వేళ కాకుండా కొడితే మోగదు. వేళైతే కొట్టకపోయినా మోగుతుంది. వానలకి తలుపు బిగుసుకున్నట్టు, కుళాయి రెండుసార్లు దగ్గి నీళ్ళు వదిలినట్టు, అదీ ఓడలో ఒక అలవాటు. కొత్తగా చేరినవాళ్ళకి ముందు బాత్రూం గొళ్ళెం సంగతి చెప్పి, తర్వాత దీని సంగతి చెప్పేవాళ్ళు. ఒకసారి సరంగు వంటగదిలో కబుర్లలో ఉండగా పైన నాలుగు దెబ్బలు మోగాయి.

"నువ్విక్కడుంటే అక్కడెవరు కొట్టారోయ్?" అన్నాడు వంటాయన.

"నేనే. వెళ్ళి కొట్టొచ్చా. ఉల్లిపాయలు తరుగుతున్నావుగా, కళ్ళనీళ్ళలో నీకు కనపడలేదు."

ఓడ పడమటికి పోతోంది. పడమటికి పోయే ఓడలో రెండు మూడు రోజులకోసారి గోడ గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పాలి. లేకపోతే రేవులో పొద్దు ఒకటి, ఓడలో పొద్దు ఇంకొకటి అవుతుంది. తిప్పిన రోజున ఒక గంటసేపు మిగిలిపోతుంది. ఎవరో ఒకరు అంతసేపు ఎక్కువ పని చెయ్యాలి. అందుకని ఎప్పట్నుంచో ఒక పద్ధతి ఉంది: మూడు జట్లూ తలా ఇరవై నిమిషాలు పంచుకోవడం. అన్నదమ్ముల ఆస్తి పంపకాల్లో కూడా అంత న్యాయం కనపడదు.

కొత్త కెప్టెన్‌కి పంపకాలు గిట్టవు. మొదటిసారే ఆ గంటసేపూ మధ్యాహ్నం జట్టు నెత్తిన పెట్టాడు. ఆ జట్టులో చుక్కాని పట్టేది సరంగు అల్లుడు.

"పంచరా సార్?" అనడిగాడు అల్లుడు, చుక్కాని చక్రం వదలకుండానే.

అడిగిన పాపానికి ఆ తర్వాత ప్రతిసారీ అది అతనికే వచ్చింది. దిక్సూచి మీంచి చూపు తిప్పకుండా అంతంతసేపు నిలబడి కిందికొచ్చేసరికి మోకాళ్ళు అతని మాట వినేవి కావు. పైగా కెప్టెన్ మరోమాట అన్నాడు: ఎనిమిది దెబ్బలు పడకుండా చక్రం వదిలితే వచ్చే రేవులో దింపేస్తాననీ, మళ్ళీ ఏ ఓడా ఎక్కనివ్వననీ.

మరి ఆ కంచు, వాటాకొచ్చిన ఇరవై నిమిషాలూ ఓపిక పట్టి, ఆపైన క్షణం ఆగదు కదా. అందుకే కెప్టెన్ సరంగుని పిలిచి, "దాని నోరు నువ్వే చూసుకో," అన్నాడు.

సరంగు చూసుకున్నాడు. భుజమ్మీది తుండుగుడ్డ దాని నోట్లో కుక్కి, గట్టిగా పొదివి పట్టుకున్నాడు. కెప్టెన్ చెప్పిన వేళకి వంటగది గిన్నెమూత మీద గరిటెతో ఎనిమిది వాయించాడు. గుడ్డ కింద కంచు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ఎవరూ గమనించలేదనుకున్నాడు.

ఆ సాయంత్రం అల్లుడు బల్ల మీద వాలి మోకాళ్ళకి నూనె రాసుకుంటూ, "మామయ్యా, ఇవాళ మోగింది మూత కదూ?" అన్నాడు.

"ఛఛ. గాలిలో తేమ ఎక్కువైంది. కంచుకి గొంతు పట్టేసింది."

"గొంతు పట్టేస్తే గిన్నె గొంతొస్తుందా?"

సరంగు మీసం సవరించుకున్నాడు. "నాకెందుకల్లుడూ ఆయనతో గొడవ. ఇంకో ఏడాదిలో దిగిపోయేవాణ్ణి."

"నేను వచ్చే రేవులోనే దిగేట్టున్నాను. ఇవాళ రెండుసార్లు కళ్ళు మూతపడ్డాయి. ఇంకోసారి ఇలా నిలబెడితే పడిపోతాను. చక్రం వదిలేశాడంటారు."

"పడకు."

"సరే. మీ అమ్మాయితో అదే చెప్తాను, మీ నాన్న పడొద్దన్నాడు కానీ నాకే కుదర్లేదని."

సరంగు లేని దగ్గు తెచ్చుకుని దగ్గాడు.

మళ్ళీ గడియారం తిప్పే రోజొచ్చింది. మధ్యాహ్నం జట్టు వంతు ముగిసే వేళకి కెప్టెన్ స్వయంగా ముల్లు వెనక్కి నెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సరంగు గంట దగ్గర మూత, గరిటెతో సిద్ధంగా ఉన్నాడు. గుడ్డ దాని నోట్లో ఉంది. చుక్కాని గది అద్దంలోంచి అల్లుడు కనపడుతున్నాడు. అతను చక్రాన్ని పట్టుకున్నాడో, చక్రమే అతన్ని పట్టుకుని నిలబెట్టిందో చెప్పడం కష్టం. వాటా ఇరవై నిమిషాలూ అయిపోయాయి. గుడ్డ వణకడం మొదలెట్టింది.

సరంగు గుడ్డ లాగేశాడు.

ఎనిమిది దెబ్బలూ ఓడ ఈ చివర్నుంచి ఆ చివరికి పరిగెత్తాయి. కింది జట్టు మెట్లెక్కి పైకొచ్చింది. ఆ జట్టువాడొకడు చక్రం అందుకున్నాడు. అల్లుడు గోడ పట్టుకుని బయటికొచ్చాడు.

"ఎవడు కొట్టమన్నాడు?" కెప్టెన్ ముఖం కందగడ్డలా అయింది.

"ఎవరూ కొట్టలేదు సార్. వేళయింది, మోగింది."

"గడియారం కనపడట్లేదా?"

"కనపడింది సార్. మీరు దాన్ని తిప్పడం కూడా కనపడింది."

"నీ అల్లుణ్ణి వచ్చే రేవులో దింపుతున్నా. నిన్ను కూడా!"

"ఒకేసారి దింపండి సార్. నిచ్చెన రెండుసార్లు వెయ్యక్కర్లేదు." ఈ మాట తన నోట్లోంచే వచ్చిందా అని సరంగు పెదాలు తడుముకున్నాడు.

కెప్టెన్ గంటని ఊడబీకి తన గదికి పట్టుకుపోయాడు. దిండు కుక్కాడు, దుప్పటి చుట్టాడు, బీరువాలో పెట్టి తాళం వేశాడు. కానీ ఒకసారి గుడ్డ రుచి చూసిన కంచు ఇక దేనికీ లొంగలేదు. అరగంటకోసారి బీరువాలోంచి మోగింది. జట్లు ఆ చప్పుడికే ఎక్కాయి, దిగాయి. కెప్టెన్‌కి మాత్రం కునుకు లేదు. తన వేళకి మోగించాలని సుత్తి పట్టుకుని బాదితే కిక్కురుమనలేదు.

చివరికి సముద్రంలో పారేద్దామని ఓడ అంచున ఉండే కమ్మీ దాకా మోసుకొచ్చాడు. డెక్కు కడుగుతున్నవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని వరసగా కమ్మీకి ఆనుకుని నిలబడ్డారు. అక్కణ్ణుంచి కదల్లేదు. అల్లుడు కూడా వాళ్ళ మధ్య ఉన్నాడు. కెప్టెన్ గంటతోనే వెనక్కి తిరిగాడు.

రేవు కనపడ్డ ఉదయం, ఎర్రబడ్డ కళ్ళతో, గంటని పసిపిల్లలా ఎత్తుకుని సరంగు దగ్గరికొచ్చాడు.

"కట్టు."

"ఆ గంటసేపు సంగతి?"

"ముందు కట్టవయ్యా!"

"పంపకం తేలాక కడతాను సార్."

చేతుల్లో కంచు కదలడం మొదలెట్టింది. వేళవుతోంది. కెప్టెన్ భయంగా దానివంక చూశాడు. "సరే, పంచుతా! తలా ఇరవై! పట్టుకో!"

"మా అల్లుడో?"

"ఉంటాడు! నువ్వూ ఉండు, నా ప్రాణానికి! పట్టుకోవయ్యా దీన్ని!"

సరంగు అందుకున్నాడు. అందుకోగానే అది మోగింది.

ఓడ రేవులో ఆగింది. నిచ్చెన మీంచి సరుకు లెక్క చూసేవాళ్ళు ఎక్కారు తప్ప, ఎవరూ మూటాముల్లె పట్టుకుని దిగలేదు. వంటాయన గిన్నెమూత తీసుకుని, దాని మీది సొట్టలు చూసి సరంగుని నానా మాటలూ అన్నాడు. సరంగు అన్నీ పడ్డాడు.

"మామయ్యా," అన్నాడు అల్లుడు, వంటాయన వెళ్ళాక. "ఇలాంటి కెప్టెన్ ఇంకొకడొస్తే?"

"ఇలాగే చేస్తా."

"ఆరోజు నేను అద్దంలోంచి చూశాను. గుడ్డ లాగేటప్పుడు మీకు అసలు భయమెయ్యలేదు కదూ?"

మామూలుగా అయితే సరంగు ఇక్కడ మీసం మీద చెయ్యి వెయ్యాలి. వెయ్యలేదు.

"ఎందుకెయ్యలేదు? ఒళ్ళంతా గడగడలాడింది. వణక్కుండా ఎదురుచెప్పడం మాత్రం నాకింకా రాలేదల్లుడూ."