చప్పుడు లేని సోడా

వందన టీచర్ సైన్స్ ల్యాబు బియ్యం సంచిలో ఉండేది.

నాగాయలంక దారిలో ఉన్న ఆ ఊళ్లో హైస్కూలు పాత భవనాన్ని పడగొట్టారు. కొత్తది పునాదుల దగ్గరే ఆగి, వానొచ్చినప్పుడల్లా కప్పలకి ఇల్లయింది. పదో తరగతిని తుఫాను షెల్టర్ మేడ మీదికి ఎక్కించారు. ఎనిమిదో తరగతి ధాన్యం గోడౌను వరండాలో సర్దుకుంది. తొమ్మిదో తరగతి మాత్రం పొద్దున రేకుల షెడ్డులో, ఎండెక్కాక షెల్టర్ కింద స్తంభాల మధ్య కూర్చునేది. మిగతా టీచర్లకు ఒక పుస్తకం, ఒక సుద్దముక్క ఉంటే చాలు. సైన్స్ టీచర్‌కి అలా కుదరదు కదా. అందుకే ఆవిడ ఎక్కడికెళ్తే సంచి కూడా అక్కడికి వెళ్లేది.

సంచిలో కొన్న సామాను తక్కువ, దొరికిన సామాను ఎక్కువ. ఆవిడ ఆదివారాలు గుడివాడలో పుట్టింటికి వెళ్లి, వచ్చేటప్పుడు వాళ్లమ్మ పచ్చడి సీసాలు ఖాళీ చేసి పట్టుకొచ్చేది. బందరు వెళ్తే పాత ఇనపసామాను కొట్లో దూరి, తూకం రాళ్లో అయస్కాంతమో పట్టుకుని బయటికొచ్చేది. ఇంకుబుడ్డికి వత్తి పెడితే దీపమైంది. అరిగిన హవాయి చెప్పుని గుండ్రంగా కోస్తే సీసాకి బిరడా అయింది. మందులిచ్చే దయానందం గారి దగ్గర విప్పని సెలైన్ గొట్టం ఒకటి కనిపిస్తే, "డాక్టరుగారూ, ఇది రోగికి కాదండీ, కార్బన్ డై ఆక్సైడ్‌కి" అని నవ్వించి మరీ అడిగి తెచ్చుకుంది.

పిల్లలూ ఊరుకోలేదు. ఎవరింట్లో ఏది పనికిరాకుండా పడి ఉన్నా అది మర్నాటికి టీచర్ ముందు ఉండేది. భరత్ అయితే వాళ్లమ్మ ఇంకా వాడుతున్న గరాటు కూడా తెచ్చేసి, సాయంత్రం చీపురుదెబ్బలు తిన్నాడు.

లిఖితకి ఆ క్లాసంటే ప్రాణం. కారణం ఎవరికీ చెప్పలేదు. చెప్పడమే ఆ పిల్లకి రాని విద్య. తెలుగు క్లాసులో పద్యం అప్పజెప్పాలి, సోషల్‌లో లేచి సమాధానం చెప్పాలి. లేచిందంటే చాలు, మొదటి మాట దగ్గరే తడబడి కూర్చుండిపోయేది. సైన్స్‌లో మాత్రం నోటితో పనిలేదు. దీపం వెలిగించడం, గొట్టం పట్టుకోవడం, చుక్కలు లెక్కగా వెయ్యడం. అన్నీ చేతుల పనులే. ఆ చేతులు తడబడేవి కావు.

అలాంటి క్లాసుకి ఒక మబ్బుపట్టిన బుధవారం గండం వచ్చింది.

ముందురోజు రాత్రంతా వాన కురిసింది. షెల్టర్ మెట్లు పాచిపట్టి ఉన్నాయి. పదో తరగతికి పాఠం చెప్పి దిగుతున్న వందన టీచర్ కాలు జారింది. ఆవిడ రెయిలింగ్ పట్టుకుని నిలదొక్కుకుంది కానీ, సంచి చేజారి మెట్టు మెట్టుకీ దొర్లుకుంటూ కింద తొమ్మిదో తరగతి మధ్యలోకి వచ్చి ఆగింది. లోపల గాజు గలగలమంది. సంచి మూతిలోంచి ఎగిరిపడిన పెంకు ఒకటి భరత్ పిక్కకి గీసుకుంది. గాయం చిన్నదే. కేక మాత్రం ఊరి చివరి చేపల చెరువుదాకా వినపడింది.

హెడ్మాస్టారు కోదండరామయ్య గారు పరుగున వచ్చారు. ఆయన చెడ్డమనిషి కాదు, భయస్తుడు.

"చాలమ్మా! ఇంక ఈ గాజుసామాను మోత వద్దు. కొత్త గది వచ్చేదాకా పుస్తకం చదివించండి, బోర్డు మీద బొమ్మ గియ్యండి."

"గది ఎప్పుడొస్తుంది మాస్టారూ?"

ఆయన పునాదులవైపు చూశారు. అక్కడో కప్ప అరిచింది.

"పగలకుండా మోసే దారి చూపిస్తే?" అంది టీచర్.

"చూపించండి. శనివారం నేనే వచ్చి చూస్తా. సామాను పగలకూడదు, పాఠం సాగాలి. లేదంటే మళ్లీ ఆ మాట ఎత్తొద్దు."

ఆయన వెళ్లాక వందన టీచర్ పిల్లల మధ్య కూర్చుంది. "చక్రాలుండాలి. సీసా సీసాకీ వేరే గడి ఉండాలి. ఎక్కడైనా చూశారా అలాంటిది?"

"ఉయ్యాల టీచర్!" "దానికి చక్రాలేవిరా?" "మా బాబాయ్ చేపల ఆటో!" "వాసనకి సీసాలే పారిపోతాయి."

అందరూ నవ్వుతున్నారు. లిఖిత మాత్రం తల వంచుకుని గోళ్లు చూసుకుంటోంది. ఆమెకి తెలుసు. చక్రాలున్నది, గళ్లున్నది, వాళ్ల పెరట్లోనే ఉంది. తాతయ్య పిచ్చేశ్వరరావు ముప్పై ఏళ్లు తోసిన గోళీసోడా బండి. కానీ ఆ మాట ఇక్కడ అంటే ఇంకేమైనా ఉందా? అసలే భరత్ ఆమెని పేరుపెట్టి పిలవడం ఎప్పుడో మానేశాడు. "ఏయ్ సోడా, రబ్బరివ్వు." "సోడా, జరుగు."

బడి వదిలారు. టీచర్ పంపు దగ్గర చేతులు కడుక్కుంటోంది. లిఖిత పంపు కొడుతూ నిలబడింది. టీచర్ చేతులు కడగడం అయిపోయింది. లిఖిత ఇంకా కొడుతూనే ఉంది.

"చాలమ్మా, కాళ్లూ చెప్పులూ కూడా కడిగేశావు. ఏంటి సంగతి?"

"బండి ఉంది టీచర్."

"ఏం బండి?"

నీళ్లు ఆగేదాకా ఆగి, "సోడా బండి" అంది, పంపుతో చెప్తున్నట్టు.

ఆ సాయంత్రమే ఇద్దరూ వెళ్లారు. పెరట్లో టార్పాలిన్ తీసి చూస్తే టేకు చెక్క బండి, వరసలు వరసలుగా గళ్లు, నాలుగు రబ్బరు చక్రాలు. మధ్య గడిలో ఎర్రకోడిపెట్ట ఒకటి పొదిగినట్టు కూర్చుని ఉంది. ఎవరొచ్చారన్నట్టు ఒక కన్నుతో చూసింది.

"గుడ్లేం లేవండీ దాని కింద" అంది నాయనమ్మ నాగరత్నం. "ఊరికే దర్జాకి కూర్చుంటది. ఈయనలాగే."

పిచ్చేశ్వరరావు ఆ మాట వినిపించుకోలేదు. "పెళ్లివాళ్లు అడిగారు టీచరమ్మా, ఫొటోలు దిగుతారంట. బందరులో ఓటలాయన అడిగాడు, గుమ్మంలో పెట్టుకుంటాడంట. ఇవ్వలా. సోడా కొట్టడం రానోడికి నా బండి ఇవ్వను."

"నేను నేర్చుకుంటానండీ."

ఆయనకి ఆ జవాబు నచ్చింది. ఇప్పటికీ అవనిగడ్డలో బసవయ్య దగ్గర గ్యాసు పట్టించి, సొంతానికి నాలుగు సీసాలు తెచ్చుకుంటాడు. ఒకటి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. వందన టీచర్ మూతిమీద చెక్కబిళ్ల పెట్టి, కళ్లు మూసుకుని, బలమంతా పెట్టి నొక్కింది. గోళీ దిగింది. సోడా మాత్రం పైకి ఎగిసి ఆవిడ కళ్లజోడు మీంచి కారింది. కోడిపెట్ట కూడా గడిలోంచి తల బయటపెట్టి చూసింది.

"సీసాని కాదమ్మా, మిమ్మల్ని మీరే కొట్టుకున్నారు!" అని తాతయ్య విరగబడి నవ్వాడు.

లిఖిత తువ్వాలు అందించి, ఇంకో సీసా తీసింది. చెక్కబిళ్ల పెట్టి గోళీని ఒక్కసారిగా నొక్కకుండా, వెంట్రుకవాసి పక్కకి ఒరిగేలా ఆపి పట్టింది. గాలి తెలియకుండా జారిపోయింది. గోళీ టిక్కుమని కూడా అనకుండా కిందికి దిగింది. సోడా ఒక్క చుక్క పొంగలేదు.

లిఖిత పోసిచ్చిన గ్లాసుని టీచర్ ఆశ్చర్యంగా అందుకుంది. తాతయ్య మొహం మాత్రం ముడుచుకుంది.

"ఇదీ దీని వరస! దొంగసోడా! చిన్నప్పుడు సంతలో ఒకసారి కొట్టింది, కీచుమంటే అందరూ ఇటు తిరిగి చూశారు. అంతే, అప్పట్నుంచీ ఇట్టా తయారైంది. సోడా అంటే కూతపెట్టాలి. కూత లేంది సోడానా, మంచినీళ్లు!" అని బండి చెక్కని ఒకసారి తడిమి, "సరే టీచరమ్మా. శనివారం బండి నేనే తోసుకొస్తా. కానీ ఒక్కటే షరతు. మీ పిల్లల ముందు దీనిచేత చప్పుడు చేయించండి. ఊరు వినాలి. అప్పుడు బండి మీది" అన్నాడు.

లిఖితకి ఆ రెండురోజులూ అదే ధ్యాస. సీసా చేతిలో లేకపోయినా బొటనవేలు గాల్లోనే నొక్కుతూ ఉండేది.

శనివారం బండి వచ్చింది. రావడానికి మాత్రం నానా తంటాలూ పడింది. గడపగడపకీ ఎవరో ఒకరు అడ్డుపడ్డారు.

"ఏం బావా, మళ్లీ మొదలెట్టావా? నాకో నిమ్మసోడా!"

"ఇది సోడా కాదు బావా, సైన్సు!" అని అరుచుకుంటూ పిచ్చేశ్వరరావు బండి నెట్టాడు. టీచర్ ముందే సర్దిన సీసాలు, పరీక్షనాళికలు, దీపం, అయస్కాంతం దేని గడిలో అది కూర్చున్నాయి. కోడిపెట్ట దిగనంది. దాని గడి దానికే వదిలేశారు. కంకరరోడ్డు దాటి, కాలవ మీది వంతెన ఎక్కి దిగి, షెల్టర్ ముందు ఆగేసరికి ఒక్క పెంకు ఊడలేదు.

హెడ్మాస్టారు బండి చుట్టూ తిరిగి చూశారు. "బండి బావుంది. మరి పాఠం?"

వందన టీచర్ గుల్లసున్నం నీళ్లలో కలిపి ముందురోజే తేర్చి ఉంచింది. పైన తేరిన తేట అద్దంలా ఉంది. "సోడాలో ఉన్న వాయువుని ఈ సున్నపు తేటలోకి పంపిస్తాం మాస్టారూ. తెల్లబడితే అది కార్బన్ డై ఆక్సైడ్."

"నే కొడతా చూడండి!" అని తాతయ్య ముందుకొచ్చాడు. పిల్లల్ని చూసేసరికి పాత హుషారంతా వచ్చేసింది. కీచుమని సోడా కూత మేడ మీది పదో తరగతిదాకా వెళ్లింది. అందరూ చప్పట్లు కొట్టారు. నురుగు మాత్రం బుసబుసా పొంగింది. టీచర్ గొట్టం ఉన్న బిరడా తెచ్చి పెట్టేలోపు సగం గాలి పోయింది. మిగతా సగం సోడాని వెంటబెట్టుకుని గొట్టంలోంచి దూసుకొచ్చి, సున్నపు తేటని గ్లాసులోంచి లేపి, హెడ్మాస్టారి చొక్కా మీద పోసింది.

"ఇంకోసారి!" అన్నాడు తాతయ్య. ఇంకోసారి కూడా చొక్కానే తడిసింది. అటువైపు భుజం.

హెడ్మాస్టారు చేతిగుడ్డ తీసి తుడుచుకున్నారు. "వందనగారూ, నేనింక..."

"ఒక్క నిమిషం మాస్టారూ." టీచర్ కళ్లు పిల్లల్లో వెతికి లిఖిత దగ్గర ఆగాయి. గడిలో ఒకే సీసా మిగిలింది. కొత్తగా సున్నపు తేట గ్లాసులో పోశారు.

లిఖిత సీసా అందుకుంది. తాతయ్య పక్కనే నిలబడి, "కొట్టవే! ఊరు వినాలి!" అంటున్నాడు. చప్పుడు చేస్తే బండి దక్కుతుంది. చప్పుడైతే పాఠం పోతుంది. పాఠం పోతే బండెందుకు? అందరూ తనవైపే చూస్తున్నారు. ఆమె మాత్రం గోళీ వైపు చూసింది.

వెంట్రుకవాసి. ఆపి పట్టింది. గాలి సడి లేకుండా జారింది. గోళీ మెల్లగా దిగింది. సోడా నిద్రపోతున్నట్టు కదలకుండా ఉంది. చెప్పు బిరడా బిగించి, సీసాని రెండు అరచేతుల్లో పొదివి పట్టుకుంది. చేతుల వెచ్చదనానికి ఒక్కొక్క బుడగే లేచింది. గొట్టం వెంట వచ్చి సున్నపు తేటలో బుళుక్కుమంది. ఒకటి. ఇంకొకటి. తర్వాత వరసగా.

"ఏం కావట్లేదు" అన్నాడు భరత్.

"ష్" అంది టీచర్.

గ్లాసు అడుగున ముందు పల్చటి పొగలా లేచింది. అది తిరిగి తిరిగి పైకొచ్చింది. చూస్తుండగానే అద్దంలాంటి నీళ్లు పాలలా మారాయి.

పిల్లలు ఒక్క పెట్టున అరిచారు. హెడ్మాస్టారు గ్లాసు ఎత్తి వెలుగులో పెట్టి చూసి, మళ్లీ చూసి, "మా రోజుల్లో దీని బొమ్మ మాత్రమే చూశానమ్మా" అన్నారు. "ఇంక మీ బండిని ఎవరూ ఆపరు."

"నేనాపుతా!" అన్నాడు తాతయ్య. "నా షరతేమైంది? చప్పుడేదీ?"

అందరూ గొల్లుమన్నారు. హెడ్మాస్టారు ఆయన్ని చల్లబరచడానికి, "పిచ్చేశ్వరరావు గారూ, చొక్కా తాగింది గానీ నేను తాగలేదండీ. గొంతు ఎండిపోయింది" అన్నారు. ఆ మాటకి ముసలాయన కరిగి, కోడిపెట్ట కింద చెయ్యిపెట్టి తనకోసం దాచుకున్న ఆఖరి సీసా తీశాడు. లిఖిత అలవాటుకొద్దీ దాన్నీ సడి లేకుండానే తెరిచింది. తాతయ్య తల పట్టుకున్నాడు.

హెడ్మాస్టారు గటగటా తాగారు. గ్లాసు కింద పెట్టారు. ఏదో చెప్పబోయారు. మాటకి బదులు త్రేన్పు వచ్చింది. మామూలు త్రేన్పు కాదు. మేడ మీద పదో తరగతి పాఠం ఆగిపోయింది.

ఎవరికీ నవ్వే ధైర్యం లేదు. భరత్ నోరు నొక్కుకున్నాడు. అంతలో ఒక గొంతు ఖంగుమంది.

"టీచర్! మాస్టారి త్రేన్పుని కూడా గొట్టంలోంచి పంపిస్తే సున్నపు తేట తెల్లబడుతుందా?"

అందరూ ఎవరా అని చూశారు. లిఖిత! తనే అడిగానని ఆమెకి కూడా అప్పుడే తెలిసినట్టుంది. చెవులు ఎర్రబడ్డాయి, కానీ తల వంచలేదు. జవాబు నిజంగానే కావాలి మరి.

ముందు నవ్వింది హెడ్మాస్టారే. పొట్ట పట్టుకుని, తడి చొక్కా అదిరేలా నవ్వారు. ఆ తర్వాత ఎవరాగుతారు? మేడ మీది పిల్లలు పిట్టగోడ మీంచి వేలాడారు. గోడౌను వరండాలోంచి ఎనిమిదో తరగతి లేచొచ్చింది. దారినపోయే పాలబ్బాయి సైకిలాపి, "ఏంటి, ఏంటి?" అని అడిగాడు.

"తెల్లబడుతుంది లిఖితా" అంది వందన టీచర్ కళ్లు తుడుచుకుంటూ. "మనం వదిలే ఊపిరికే తెల్లబడుతుంది. పట్టు గొట్టం, చూద్దాం. మాస్టారూ, ఒకసారి ఇటు ఊదండి."

పిచ్చేశ్వరరావు బండి పిడి మీంచి చెయ్యి తీశాడు. "తీసుకోండి టీచరమ్మా, బండి మీదే. ఊరు విన్నది."

"ఏయ్ సో..." అన్నాడు భరత్, ఆగి, "లిఖితా, జరుగు. నాకూ కనపడాలి కదా" అన్నాడు.

హెడ్మాస్టారు బుగ్గలు నింపుకుని గొట్టంలోకి ఊదుతుంటే, కోడిపెట్ట గడిలోంచి లేచి రెక్కలు దులుపుకుంది. అది కూర్చున్నచోట ఒక గుడ్డుంది. ఎవరూ చూడలేదు. అందరి కళ్లూ గ్లాసు మీదే ఉన్నాయి.