రెండు పడవల రాకెట్

మా ఆయన అప్పన్న ఒకప్పుడు సినిమాలో వేరే గ్రహం మనిషిగా వేశాడట. కాపురానికొచ్చిన నాటి నుంచీ వింటున్నాను ఈ మాట. అల్లవరం అవతల మా సముద్రపొడ్డునే, ఊరికి దూరంగా ఎవరూ తిరగనిచోట తీశారట. ఈయన పడవను ఇసుకలో నిలబెట్టి, దాని మీద మరో పడవ బోర్లించి, చుట్టూ రేకులు కొడితే అదే రాకెట్. కింద కొబ్బరి డొక్కలు రాజేస్తే అదే పొగ. గోనెగుడ్డకు వెండిరంగు పూసి కుట్టిన చొక్కా, కాళ్లకు వెండి బూట్లు, తలకు గాజుబుడ్డి. ఆ గాజుబుడ్డితోనే వచ్చింది తంటా అంతా. ముఖం కనబడకపోతే ఎవరు నమ్ముతారు?

ఆ సినిమా పేరు ‘చుక్కలూరి మనిషి’. నాలుగాటలాడి మాయమైపోయింది. మా ఊళ్లో ఎవరూ చూడలేదు.

నా తమ్ముడు నూకరాజైతే మరీను. రేవులో నలుగురూ ఉన్నప్పుడే అడుగుతాడు.

“ఏం బావా, మీ చుక్కలో రొయ్యలు కేజీ ఎంత?”

అందరూ నవ్వుతారు. “ఉండరా, ఓ రోజొస్తది” అంటాడు మా ఆయన. ఆయనకు కోపం రాదు, నాకొస్తుంది. నా మొగుణ్ణి నేను తిట్టుకుంటాను గానీ, ఊరు నవ్వితే ఊరుకుంటానా?

మొన్న ఆ రోజు వచ్చింది. పాత సినిమాలంటే పడిచచ్చే పిల్లలు కొందరు ఆ రీలు ఎక్కడో సంపాదించి, బాగుచేసి, అమలాపురంలో ఒక హాల్లో వేస్తామన్నారు. మా ఆయన రేవంతటికీ టాంటాం వేశాడు. జనం రెండు ఆటోల నిండా ఎక్కారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆయనున్న ముక్క కోసేసి ఉంటే? ఇన్నాళ్లూ సరదాకి నవ్వారు, ఇకనుంచి అబద్ధాలకోరంటారు. ఆ తర్వాత ఆయన రేవులో తలెత్తుకోలేడు. దారి పొడుగునా గంగమ్మతల్లికి మొక్కుతూనే ఉన్నాను.

హాలు గుమ్మంలో అద్దాలపెట్టె పెట్టి, అందులో ఆ వెండి చొక్కా వేలాడదీశారు. రంగంతా పెచ్చులూడింది. పక్కన సుస్మిత అనే పిల్ల నిలబడి అందరికీ చూపిస్తోంది.

“ఇది నేనేసుకున్నదే అమ్మా” అన్నాడు మా ఆయన.

“అలాగాండీ తాతగారూ! వేసుకున్నాయన పేరు ఎక్కడా దొరకలేదండీ” అంది మర్యాదగా. నమ్మినట్టు లేదు. నూకరాజు నా వెనక కిసుక్కుమన్నాడు. వాడి డొక్కలో మోచేత్తో ఒక్కటిచ్చాను.

సినిమా మొదలైంది. పేర్లలో ఈయన పేరు లేదు. రాకెట్ వచ్చింది.

“అదిగో, నా పడవే” అని గొణిగాడు.

వెండిమనిషి తిరుగుతున్నాడు, చేతులూపుతున్నాడు. గాజు మీద వెలుగు తప్ప ముఖం లేదు.

“ఆ బుడ్డి పెట్టుకుంటే నేనూ అలాగే ఉంటాను బావా!” అన్నాడు నూకరాజు. మావాళ్లంతా గొల్లుమన్నారు. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆఖరికి వెండిమనిషి తన గ్రహానికి వెళ్లిపోతున్నాడు. హీరోయిన్ ఏడుస్తోంది. వాడు రాకెట్ దగ్గరకొచ్చి ఆగాడు. వంగి, బూట్లు రెండూ విప్పి చంకలో పెట్టుకున్నాడు. ఎడమచేత్తో అంచు తాకి, కళ్లకద్దుకోబోయాడు. చెయ్యి గాజుబుడ్డికి కొట్టుకుంది. అప్పుడు లోపల కాలు పెట్టాడు.

మా రేవులో చెప్పులతో పడవెక్కితే వీపు చీరేస్తారు. కళ్లకద్దుకోకుండా ఎవరూ ఎక్కరు. కానీ ఎడమచేత్తో అద్దుకునేవాడు రేవు మొత్తానికీ ఒక్కడే. ఆ పుర్రచేతి వాటం మాన్పించలేక మా అత్త తిట్టి తిట్టి పోయింది.

నూకరాజు లేచి నిలబడిపోయాడు.

“ఓరి నాయనో! బావే! మా బావేనండీ అది!”

ఇక ఈలలే ఈలలు. అమ్మయ్య! గంగమ్మతల్లి నా మొర ఆలకించింది. సిగ్గు లేకుండా బావురుమన్నాను.

సుస్మిత పరుగెత్తుకొచ్చింది. “తాతగారూ, బూట్లు విప్పితే డైరెక్టరుగారు ఏమీ అనలేదాండీ?”

“తిట్టేరమ్మా! మళ్లీ తీద్దామనేసరికి సముద్రం పోటెత్తేసింది. సినిమావాళ్లూ నేనూ పడవలు లాక్కుని పరుగో పరుగు.”

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నూకరాజు ఆయన పక్కకు జరిగాడు. “బావా, మొదట్నించీ చెప్పు.”

చెప్పాడు. ఎవరూ మధ్యలో అడ్డుపడలేదు. అల్లవరం దాటాక గొంతు సవరించుకున్నాడు.

“ఆ హీరోయిన్ ఉంది చూశారూ, నేనొండిన చేపల పులుసు తిని, నాతో మద్రాసు వచ్చెయ్యమని ఒకటే ఏడుపు.”

పచ్చి అబద్ధం! ఈ మనిషికి పొయ్యి రాజెయ్యడం కూడా రాదు.

“నిజమేనా బావా?” అన్నాడు నూకరాజు నోరు తెరుచుకుని.

“ఆయ్” అన్నాడు మా ఆయన.

ఆటోలో ఒక్కరు నవ్వితే ఒట్టు.