ఈల పలకని గొట్టం

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నేను అక్షరాలు దిద్దుకున్నది ముసలితనంలో. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే సర్దుకుని చదవండి. ఒక్కో వాక్యం కూర్చడానికి నాకు చాలాసేపు పడుతుంది, అందుకని చిన్నదే రాస్తున్నాను. ఇది మనీలా దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న రొసారియోలో, మా వీధిలో జరిగింది.

జెనైదా చేపలకు పొగపెట్టి అమ్మేది. మా వీధిలో సగం ఇళ్ళకు అదే బతుకు. ఉదయాన్నే రంపపు పొట్టు రాజేసి, వెదురు తట్టల్లో చేపలు పేర్చి, అవి బంగారు రంగుకు వచ్చేదాకా దగ్గరే కూర్చునేది. అంత పొగలో ఉండీ ఆమె ఏనాడూ దగ్గలేదు. దగ్గంతా మొగుడికి వచ్చింది. అనిసెటో జీప్నీ నడిపేవాడు, ఊళ్ళో జనాన్ని ఎక్కించుకుని తిప్పే బండి. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఇంకో చేతిలో సిగరెట్టు. గేరు మార్చాల్సి వస్తే సిగరెట్టు పెదాల మధ్యకు పోయేది. ఆ ఏడు వానాకాలంలో దగ్గుతో పాటు నెత్తురు కనబడింది.

"ఇలాగే కాలిస్తే వచ్చే క్రిస్మస్ చూడడమ్మా," అన్నాడు డాక్టరు, అతనితో కాకుండా జెనైదాతో.

అనిసెటో అల్లం నమిలాడు, మిఠాయిలు చప్పరించాడు. కొన్నాళ్ళు బిగబట్టేవాడు, మళ్ళీ మామూలే. అప్పటికి జీప్నీ స్టాండులో చాలామంది డ్రైవర్లు సిగరెట్టు వదిలి ఆవిరి గొట్టాలకు మారారు. లోపల బ్యాటరీ, అడుగున మీట. మీట నొక్కితే పైన దూదిలో నానిన తీపి మందు ఆవిరవుతుంది. పీల్చేవాడికి పొగ తాగినట్టే ఉంటుంది. పేరుకి ఈ-సిగరెట్టు అయినా మా వీధిలో అందరూ గొట్టం అనేవాళ్ళు.

"నాకూ అలాంటిదొకటి ఉంటే సిగరెట్టు ముట్టనే," అన్నాడు అనిసెటో.

మంచి గొట్టం కోసం దూరం పోనక్కర్లేదు. వీధి చివర రేకుల షెడ్డులో ప్లాసిదో లేత్ మిషను మీద ఇత్తడి గొట్టాలు తీసేవాడు. ప్రతి గొట్టం మీదా చేత్తో ఒక బల్లి బొమ్మ చెక్కేవాడు. అంతా అయ్యాక అడుగు మూతను పెదాలకు ఆనించి ఊదేవాడు. సన్నగా ఈల పలికేది. ఆ ఈల వినబడితే ఇంకో గొట్టం పూర్తయిందని వీధికంతా తెలిసేది.

"నా మొహం చూసే తీరిక లేదు కానీ ఇత్తడికి ముద్దులు పెడుతుంటాడు," అని అతని భార్య లిగాయా అందరికీ వినబడేట్టు దెప్పేది.

ఆ గొట్టాలకు మనీలా షాపుల వాళ్ళే కాదు, విదేశాల వాళ్ళు కూడా నెలల ముందే చెప్పిపెట్టుకునేవారు. ఖరీదు కూడా అలాగే ఉండేది. అనిసెటో లాంటి వాళ్ళు చేతిలోకి తీసుకుని చూసి, తుడిచి తిరిగిచ్చేవాళ్ళు.

అయితే ప్లాసిదో వీళ్ళకు పరాయివాడు కాదు. జెనైదా కూతురు మారిసెల్‌కి బాప్తిస్మం నాడు జ్ఞానతండ్రిగా చర్చిలో నిలబడ్డవాడు. ఆ రోజు నుంచి రెండిళ్ళ వాళ్ళూ మగవాళ్ళను "పారే" అనీ, ఆడవాళ్ళను "మారే" అనీ పిలుచుకోవడం. ఇక్కడ ఆ వరస రక్తసంబంధం కంటే గట్టిది. చిక్కంతా అక్కడే వచ్చింది.

"పారేని అడిగితే పోలా?" అంది జెనైదా.

"అడిగితే ఇస్తాడు. డబ్బు పుచ్చుకుంటాడా?"

"చస్తే పుచ్చుకోడు."

"మరి ఏ మొహంతో అడుగుతాం? మారిసెల్‌కి జ్వరమొచ్చినప్పుడు ఆసుపత్రి, బడి బూట్లు, పోయిన తుఫానుకి మన ఇంటి రేకులు. అన్నీ ఆయనే. ఇంకా అడిగితే ఆయన నెత్తినెక్కి కూర్చున్నట్టుంటుంది."

జెనైదాకి అది నిజమే అనిపించింది. ఉత్తపుణ్యానికి అడగడానికి మొహమాటం. డబ్బిచ్చి కొందామంటే ఆయన తీసుకోడు. అలా ఆలోచించుకుంటూ ఒక ఆదివారం, అనిసెటోకి చెప్పకుండా మనీలా సంతకు బస్సెక్కింది.

సంతలో గొడుగు కింద ఒక లావుపాటి ఆవిడ గొట్టాలు గుట్టగా పోసి అమ్ముతోంది. వాటిలో బల్లి గుర్తువి చాలా ఉన్నాయి.

"ఇవి అసలైనవేనా?" అంది జెనైదా.

"అసలైనవని చెబితే నువ్వు నమ్ముతావా అక్కా? కాపీవే. కానీ మేలురకం కాపీ. పక్కపక్కన పెడితే చేసినవాడి తల్లి కూడా పోల్చుకోలేదు."

"ఈ బల్లిని చెక్కేది మా పారే."

"అమ్మో, అయితే మీ పారే గొప్పోడన్నమాట! పేరు లేనివాణ్ణి ఎవడు కాపీ కొడతాడు చెప్పు? సంతోషించమను." ఆవిడ విసనకర్రతో ఒక గొట్టాన్ని ముందుకు తోసింది. "ఇత్తడిని మీ పారే కనిపెట్టాడా? బల్లిని దేవుడు చేశాడు కదా? ఎవరికి కావాలి ఇది?"

"మా ఆయనకి. ఊపిరితిత్తులు పాడయ్యాయి."

"మరింకేం? డబ్బున్నోళ్ళే బాగుపడాలా, మన మొగుళ్ళు చావాలా? తీసుకో, పొగచేపలు అమ్మేదానివిలా ఉన్నావు, వాసనొస్తోంది. తగ్గించి ఇస్తా."

అసలు ధరలో పదో వంతు కూడా లేదు. జెనైదా కొనేసింది. తిరుగు బస్సులో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని తనకు తానే చెప్పుకుంటూ వచ్చింది. దీనివల్ల పారేకి పోయిందేమిటి? తమకు అమ్మాల్సిన గొట్టం కాదుగా అది. తాము కొనగలిగే వాళ్ళం కాము, ఆయన అమ్మగలిగే వాడు కాడు. పైగా ఆయన గుర్తే కదా మొగుడి చేతిలో ఉండేది, అది ఆయనకి గౌరవమే. అంతా సబబుగానే తోచింది. అయినా బస్సు దిగి వీధిలోకి మలుపు తిరిగేటప్పుడు, ప్లాసిదో షెడ్డు ముందు నుంచి కాకుండా ఉప్పుగోదాముల వెనక నుంచి ఇంటికొచ్చింది.

మొగుడితో మనీలాలో పెద్ద షాపులో కొన్నానంది. చేపల డబ్బు దాచానంది. అనిసెటో గొట్టాన్ని చొక్కాతో తుడిచి తుడిచి చూసుకున్నాడు.

"ఇంట్లోంచి కదలకుండా దొరికేదానికి మనీలా దాకా వెళ్ళావా?" అని నవ్వాడు. "సర్లే, షాపులో కొంటే పారేకి డబ్బు చేరుతుంది. నువ్వే తెలివైనదానివి."

ఆ మాటకి ఆమె పొయ్యి వైపు తిరిగింది.

నిజంగానే సిగరెట్టు మానాడతను. దగ్గు తగ్గింది. రాత్రులు నిద్రపట్టింది. కాలర్‌లోంచి పొగాకు కంపు బదులు మామిడిపండు వాసన వచ్చేది. జెనైదా ఆ చొక్కాలు ఉతుకుతూ తాను చేసింది తప్పు కాదనుకునేది.

మారిసెల్ పుట్టినరోజు వచ్చింది. పన్సిత్ నూడుల్స్ వండారు, వీధంతా వచ్చింది. జ్ఞానతండ్రి రాకుండా ఉంటాడా? ప్లాసిదో, లిగాయా కేకు పట్టుకుని వచ్చారు. లిగాయా కూర్చుంటూనే మొదలుపెట్టింది.

"మారే, విన్నావా? ఇప్పుడు మా ఆయన బొమ్మ చైనాలో కూడా చెక్కుతున్నారట. పోయినసారి ఈయన నిద్రమత్తులో బల్లి కాలికి ఒక వేలు తక్కువ చెక్కాడు. ఆ దొంగలు కూడా ఒక వేలు తక్కువే చెక్కారు! అంత వినయం గల శిష్యులు మన ఊళ్ళో దొరకలేదు ఈయనకి."

అందరూ నవ్వారు. జెనైదా కూడా నవ్వింది. ప్లాసిదో మాత్రం, "షాపులవాళ్ళు సగం మంది రావడం మానేశారు పారే. ఇలాగైతే మిషను నూనె ఖర్చు కూడా రాదు," అన్నాడు.

"నేను మాత్రం నీ చేతిదే వాడుతున్నా చూడు!" అని అనిసెటో గర్వంగా జేబులోంచి గొట్టం తీసి అతని చేతికిచ్చాడు.

జెనైదా చేతిలోని గరిటె ఆగిపోయింది.

ప్లాసిదో దాన్ని వెలుతురుకి తిప్పి చూశాడు. పెదాల మీద నవ్వు అలాగే ఉంది. అలవాటు కొద్దీ అడుగు మూతను విప్పి, నోటికి ఆనించి ఊదాడు. ఈల పలకలేదు. ఇంకొకసారి ఊదాడు. ఆ తర్వాత మూతను బొటనవేలితో తడిమి, మళ్ళీ బిగించాడు. చుట్టూ నలభై మంది జనం. కుర్చీల్లో, గడప మీద, మెట్ల మీద.

"బాగుంది పారే," అన్నాడు. "కాస్త మెరుగు తగ్గింది. రేపు షెడ్డుకు తీసుకురా, పాలిష్ పట్టిస్తాను. అప్పటిదాకా జేబులో పెట్టుకోకు, చెమటకి నల్లబడుతుంది. మర్చిపోకు, రేపే."

పోల్చుకున్నాడని జెనైదాకి అర్థమైపోయింది. షెడ్డులో, లిగాయా ముందర, నీ పెళ్ళాం దొంగసరుకు కొన్నదని మొగుడితో చెప్పడానికే పిలుస్తున్నాడనుకుంది. ఆమెకు ఇంకేమీ తోచలేదు. పన్సిత్ ప్లేట్లు అందిస్తూనే ఉండిపోయింది.

మర్నాడు అనిసెటో బయల్దేరబోతుంటే, "ముందు జీప్నీ టైరు చూడు, గాలి పోయినట్టుంది," అని వెనక్కి పిలిచింది. ఆ తర్వాత రోజు చేపల తట్టలు మోయాలంది. ప్లాసిదో ఒకసారి లిగాయాతో కబురు పెట్టాడు. ఇంకోసారి తానే గుమ్మం దాకా వచ్చాడు.

"పారే ఉన్నాడా మారే?"

"బండి మీదున్నాడు పారే."

"ఆ గొట్టం..." అని అతను నేల చూపులు చూశాడు. "కొత్త మూత ఒకటి చేశాను, ఊరికే, పారేకి ఆ గొట్టం నచ్చింది కదాని. మార్చి ఇద్దామని."

"అయ్యో, మళ్ళీ ఎందుకు పారే నీకు శ్రమ? బాగానే పనిచేస్తోంది. నేనే పంపిస్తాలే."

మూత చేతిలో పెట్టి వెళ్ళాడు. ఆమె దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. అనిసెటోకి ఇస్తే ఎందుకని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు ఎక్కడికి దారి తీస్తుందో ఆమెకు తెలుసు.

ఆ వారమే, జీప్నీ స్టాండులో, ప్రయాణికులు ఎక్కుతుండగా అనిసెటో గొట్టం మీట నొక్కాడు. మీట లోపలికి పోయి పైకి రాలేదు. ఇత్తడి కాలింది. విసిరేద్దామనుకునేలోపే అది చేతిలో పేలింది.

గేరు పట్టే చెయ్యి అది. ఆసుపత్రిలో మూడు వేళ్ళు తీసేశారు. మిగిలిన వాటిలో కదలిక లేదు. చెంప కాలింది. ప్రాణం మిగిలినందుకు సంతోషించమన్నారు.

ప్లాసిదో గొట్టం పేలిందని ఊరంతా పాకింది. స్టాండులో డ్రైవర్లు ఉన్న గొట్టాలన్నీ చెత్తలో పారేశారు. చెప్పిపెట్టుకున్న వాళ్ళు వద్దన్నారు. ఎవరో షెడ్డు గోడ మీద బొగ్గుతో బల్లిని గీసి, దాని కింద శవపేటిక గీశారు. ప్లాసిదో ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. లేత్ మిషను ఆగిపోయింది. లిగాయా ఆసుపత్రికి గంజి తెచ్చింది, అనిసెటోకి తాగించింది, జెనైదా మొహం చూడకుండా వెళ్ళిపోయింది.

జెనైదా షెడ్డుకు వెళ్ళింది. అతను ఆగిపోయిన మిషను ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"పారే, అది నీది కాదని ఎందుకు చెప్పవు?"

"చెబితే ఎవరు కొన్నారని అడుగుతారు."

"నీకు ఆ రోజే తెలుసు."

"ఊదితే గాలి బయటికి రావాలి మారే. అడుగున చిల్లులుంటాయి, బ్యాటరీ వేడెక్కితే దాని ఆవిరి పోవడానికి. వాళ్ళు చిల్లుల్ని బొమ్మలాగా పైపైన చెక్కారంతే, తొలిచి వదల్లేదు. అదెందుకో వాళ్ళకీ తెలీదు పాపం."

"మరి నోరు విప్పి పేలుతుందని ఒక్క మాట అనలేకపోయావా!"

"అంతమందిలో ఎలా అంటాను? నీ గుమ్మం దగ్గర మాత్రం ఎలా అంటాను? నీకు తలవంపులు కదా." అతను మిషను మీది ఇత్తడి పొట్టును చేత్తో తుడిచాడు. "మూత ఇచ్చాను. నువ్వు మారుస్తావనుకున్నాను."

"నువ్వు నన్ను పట్టిస్తావనుకున్నాను నేను."

జెనైదా అక్కణ్ణించి నేరుగా ఇంటికెళ్ళి పేలిన గొట్టం ముక్కలు మూట కట్టుకుంది.

ఆ సాయంత్రం బరంగాయ్ కార్యాలయంలో, అంటే మా పేట పంచాయతీలో, విచారణ. పంచాయతీ పెద్ద, మేం కెప్టెన్ అంటాం, కుర్చీలో, చుట్టూ వీధి జనం. జెనైదా పేలిన గొట్టం ముక్కలు బల్ల మీద పెట్టింది.

"ఇది ప్లాసిదోది కాదు. నకిలీ. మనీలా సంతలో తెలిసి తెలిసి నేనే కొన్నాను. నా మొగుడికి కూడా అబద్ధం చెప్పాను."

కెప్టెన్ ప్లాసిదో వైపు చూశాడు. "నీది కాదా?"

"కాదు," అన్నాడు తల దించుకుని.

కెప్టెన్ లేచి వచ్చి జెనైదా భుజం మీద చెయ్యి వేశాడు.

"అమ్మా, నీ మొగుడి చెయ్యి పోయినా పారే పేరు కాపాడాలని చూస్తున్నావు. మాకు అర్థమైంది. ఇలాంటి మారే అందరికీ దొరకదు."

"కాదు! నిజం చెబుతున్నా! ఈ చిల్లులు చూడండి, మూసుకుని ఉన్నాయి!"

"లేత్ మీద ఒకటి అలా వచ్చి ఉండొచ్చుగా," అన్నారు ఎవరో. "పోనీలే తల్లీ, ఆయన్ని ఎవరూ జైల్లో పెట్టరు," అన్నారు ఇంకెవరో. ఒక ముసలావిడ కళ్ళు తుడుచుకుంది. ఆమె ఎంత గట్టిగా చెబితే అంత పెద్ద మనసున్న మనిషైపోయింది. పరువు పోతుందని వణికిన మనిషికి ఆ రోజు పోవాల్సిన పరువు కూడా పోలేదు.

ఆ నెలాఖరుకు ప్లాసిదో మిషను అమ్మేసి బటంగాస్ వైపు ఓడల మరమ్మతు పనికి వెళ్ళిపోయాడు. లిగాయా సామాను ఎక్కించేటప్పుడు, జెనైదా సాయం చెయ్యబోతే, "వద్దు జెనైదా, మేం చూసుకుంటాం," అంది. పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

అనిసెటో ఇప్పుడు ఇంట్లోనే ఎడం చేత్తో చేపలు తట్టల్లో పేరుస్తాడు. ఒక మధ్యాహ్నం తల ఎత్తకుండా అడిగాడు.

"ఆ రోజు టైరులో గాలి నిజంగా పోయిందా?"

"లేదు."

"నాకైనా చెప్పాల్సింది."

"చెబితే నువ్వు పారేకి చెప్పేవాడివి."

"చెప్పేవాణ్ణే," అన్నాడు.

తర్వాత చొక్కా జేబులోంచి సిగరెట్టు పెట్టె తీశాడు. ఒంటిచేత్తో అగ్గిపుల్ల గీయడం అతనికింకా రాదు. రెండు పుల్లలు విరిగాయి. జెనైదా లేచి, చేతులకున్న పొలుసులు గౌనుకు తుడుచుకుని, మూడో పుల్ల తానే గీసి ముట్టించింది.

ఫార్చునాటా విల్యరియాల్
డెబ్భై ఒక్క ఏళ్ళు
ప్రస్తుతం ఉంటున్నది ఇముస్, కవీటె